ఎడమ చెవి

మేనేజరు బోర్డులక్కకి గోడ చూపించి, ఎనిమిది మొహాలు కావాలన్నాడు.

టమాటాలు ఏరి, ట్రేలలో సర్ది, లారీలకెత్తే కొత్త షెడ్డు అది. రోడ్డువైపు గోడ ఇంకా పచ్చి సున్నం వాసన వేస్తోంది. అయిదో రోజున ప్రారంభం. ఆ మర్నాడు కోత కూలీలు లారీ ఎక్కి ఇంకో పంటకి, ఇంకో నేలకి వెళ్లిపోతారు. వాళ్ల కష్టాన్ని మేం ఎంత గౌరవిస్తామో దారినపోయే వాళ్లకి తెలియాలి కదా అన్నాడు మేనేజరు. ఆ గౌరవం ఎంత ఎత్తుండాలో కూడా అతనే చెప్పాడు, ఆరడుగులు. మొహాలు స్పష్టంగా కనపడాలి, నవ్వుతూ ఉండాలి, చేతులు శుభ్రంగా ఉండాలి. ఏడుగురిని మేస్త్రీ ఎంచి పెట్టాడు. ఎనిమిదో మనిషి ఎవరనేది ఆమె ఇష్టం.

బోర్డులక్క అన్నిటికీ తలూపింది. ముప్పై ఏళ్లుగా ఆమె రాసినవన్నీ అక్షరాలే. దుకాణాల పేర్లు, లారీల వెనక హెచ్చరికలు, ఇక్కడ ఉమ్మరాదు, అక్కడ బళ్లు నిలపరాదు. ఊరి గోడలన్నీ ఆమె చేతిరాతే గాని, ఒక్క మొహం గీసిపెట్టమని ఇన్నాళ్లలో ఎవరూ అడగలేదు. ఎనిమిదో మనిషి నీ ఇష్టం అన్న మాట దగ్గరే ఆమె మనసు ఆగిపోయింది. మిగతావి చెవిన పడ్డాయంతే.

ఆ ఎనిమిదో చోటు వాళ్లమ్మకి. ఆ సంగతి మేనేజరుకి చెప్పలేదు.

అమ్మ కూడా టమాటాలే కోసింది, చేతులు పనిచేసినన్నాళ్లూ. ఆమె ఫొటో ఒక్కటి లేదు. తీయకపోవడమేం కాదు, ప్రతి పంటకీ తీశారు. గుర్తింపు కార్డు మీద అతికించి మెడలో వేశారు, పంట అయిపోగానే కార్డు వెనక్కి తీసుకున్నారు. మొహం కూడా కార్డుతో పాటే పోయేది. బోర్డులక్క ఇంటి దగ్గర తీరిక దొరికినప్పుడల్లా జ్ఞాపకం మీద ఆ మొహం గీయబోయేది. నుదురు వచ్చేది, కనుబొమలు వచ్చేవి. ముక్కు దగ్గరికి వచ్చేసరికి అది అద్దంలో రోజూ చూసే తన మొహమే అయి కూర్చునేది. అట్టలకి అట్టలు అలా పాడయ్యాయి. ఇప్పుడింత గోడ దొరికింది, ఇంతకంటే పెద్ద అదృష్టం ఇంకెప్పుడు పడుతుంది. దొరకనిదల్లా అమ్మ మొహమే.

మధ్యాహ్నం తిండివేళకి పొలంలోకి వెళ్లింది. గట్టు దిగి మొదటి సాలులో అడుగుపెట్టగానే టమాటా ఆకు వాసన ముక్కున కొట్టింది. కాయ వాసన కాదు, ఆకుది, కొంచెం చేదుగా, గొంతులో పట్టుకునే వాసన. ఆమె కాసేపు అక్కడే నిలబడిపోయింది. యాభై నాలుగేళ్ల మనిషి, చేతిలో అట్ట, చెవి మీద పెన్సిలు, ఎవరో పిలిచినట్టు నిలబడింది. పిలిచిందెవరూ లేరు. ఆ వాసనకి ఆమె ఏడేళ్ల పిల్లయిపోయింది, అంతే.

కూలీలు ఒక్కొక్కరే వచ్చి ట్రే బోర్లించుకుని ఎదురుగా కూర్చున్నారు. ఎండకి, దుమ్ముకి, పురుగుమందు వాసనకి కళ్లూ నుదురూ తప్ప అంతా మూసి గుడ్డలు కట్టుకున్నారు. విప్పమని అడిగితే సిగ్గుపడ్డారు. విప్పాక చూస్తే ఒక్కో మొహానికి రెండు రంగులు. కళ్ల చుట్టూ, నుదుటి మీద కమిలిన నలుపు, బుగ్గలూ గడ్డమూ దాచిపెట్టిన తెలుపు. పుల్లలా సన్నగా ఉండి, పుల్లన్న అనిపించుకునే ఒకతను తన మొహాన్ని తడుముకుని, పైమొహం పనికి, కిందమొహం పెళ్లికి అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వుని ఆమె గబగబా అట్టమీదికి దించుకుంది.

వాళ్ల చేతులు మాత్రం ఆమెకి చూడక్కర్లేకుండానే తెలుసు. టమాటా పసరు మొదట పచ్చగా అంటుకుంటుంది, తర్వాత నల్లగా అట్టకడుతుంది, సబ్బుకి లొంగదు. పచ్చికాయ చిదిమి రుద్దితేనే వదులుతుంది. చిన్నప్పుడు సాయంత్రం గది ముందు తొట్టి దగ్గర అమ్మ రెండు చేతులూ చాపి కూర్చుంటే, కాయలు చిదిమి రుద్దే పని తనదే. వేళ్ల సందుల్లో రుద్దితే అమ్మకి చక్కిలిగింత. ఇంకా ఉంది, సరిగా రుద్దవే అంటూనే చెయ్యి లాగేసుకునేది.

ఏడుగురూ అయ్యాక, చిట్టచివరి సాలులో ఒక అమ్మాయి ఇంకా కోస్తూనే ఉండటం కనిపించింది. ఎప్పుడూ చివరి సాలే అడిగి తీసుకుంటుందట, అందుకని అందరూ ఆమెని చివరిసాలు అనే పిలుస్తారు. తలగుడ్డ వంకరగా జారి ఉంది. అవతల గట్టుమీద, ఖాళీ ట్రేలు పేర్చిన నీడలో నాలుగేళ్ల పిల్ల ఒకటి కూర్చుని మట్టిలో కాయలు వరసగా పెడుతోంది. పిల్ల బొద్దుగా, గట్టిగా ఉంది. దానికి బుడంకాయ అని పేరు పెట్టారు. కొంచెం సేపటికోసారి అది తల ఎత్తకుండానే, “అమ్మా, ఉన్నా” అని కేకేస్తోంది. సాల్లోంచి “ఊఁ” అని జవాబు వస్తోంది. ఆ కేకా, ఆ ఊఁ కూడా బోర్డులక్కకి తెలుసు. ఏ తల్లి ఏ పిల్లకి నేర్పిందో గాని, టమాటా తోటలన్నిటికీ అదొకటే పాఠం.

ఆమె అట్ట తిప్పి చివరిసాలుని గీయడం మొదలుపెట్టింది. రెండు గీతలు పడ్డాయో లేదో మేస్త్రీ వచ్చేశాడు. ఈమె మాత్రం వద్దక్కా అన్నాడు. పిల్లల్ని పొలంలోకి రానిచ్చేది లేదని మేనేజరు పైవాళ్లకి రాసిచ్చాడట. ఈమె బొమ్మ గోడ మీద ఉంటే ఎవరో ఒకరు ఈమె ఎవరంటారు, ఇంకొకరు పిల్ల సంగతి ఎత్తుతారు. మేస్త్రీ చెడ్డవాడేం కాదు. పిల్లని గట్టుమీద ఉండనిచ్చిందీ అతనే, జీపు వస్తే దాచమని చెప్పిందీ అతనే.

మాట పూర్తికాకముందే రోడ్డుమీద దుమ్ము లేచింది. ఎవరో చిన్నగా ఈలవేశారు. చివరిసాలు కదల్లేదు, తల కూడా తిప్పలేదు. బుడంకాయే తనంతట తాను ఒక ట్రేని తన మీదకి లాక్కుని దానికింద ముడుచుకుని, నోటి మీద వేలు పెట్టుకుంది. మేనేజరు జీపు ఆగకుండానే వెళ్లిపోయింది. అంత బుద్ధిగా, అంత అలవాటుగా దాక్కుంది ఆ పిల్ల. ట్రే కిందినుంచి లోకం ఎలా ఉంటుందో బోర్డులక్కకి తెలుసు. సన్న సన్న ముక్కలుగా ఉంటుంది. మనుషులు పాదాల వరకే ఉంటారు. ఆమె పెన్సిలు తీసి చెవి మీద పెట్టుకుని వెనక్కి వచ్చేసింది. మేస్త్రీకి ఎదురు చెప్పనందుకు ఆ రాత్రి తనని తాను తిట్టుకుంది గాని, తిట్టుకుంటే ఏమొస్తుంది.

రెండోరోజూ మూడోరోజూ పరంజా మీదే గడిచాయి. ఏడు మొహాలూ ఎక్కాయి. గోడంత మొహాలు గీయడం కొత్తేగాని, చెయ్యి తొందరగానే దారికొచ్చింది. రెండు రంగుల బుగ్గల్ని కలిపి ఒకటే రంగు చేసింది. చేతులు కడిగిపెట్టింది. ఆ పని ఆమె మేనేజరు చెప్పాడని చేయలేదు, మర్యాద అనుకుని చేసింది. ఫొటో తీస్తారంటే అమ్మ కూడా మొహం కడుక్కుని, జుట్టు తడిచేసుకుని దువ్వుకునేది కదా. ఎనిమిదో చోటు మాత్రం తెల్లగా అలాగే ఉంది. బ్రష్షు పట్టుకుని దాని ముందుకి నాలుగుసార్లు వెళ్లింది. వెళ్లినప్పుడల్లా అక్కడ ఆమెకి కనిపించింది తన మొహమే.

మూడోరోజు సాయంత్రం పని దిగాక కూలీలంతా గోడ చూడటానికి వచ్చారు. బోర్డులక్క పరంజా దిగి, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ ఓ పక్కన నిలబడింది. వాళ్లు చూశారు. బాగుందన్నారు. అచ్చం నువ్వే అని ఒకరికొకరు చెప్పుకున్నారు. కాని ఆ చెప్పుకోవడంలో ఉత్సాహం లేదు. భోజనం బాగుందని మర్యాదకి చెప్పే అతిథుల్లా ఉన్నారు. పుల్లన్న తన మొహం ముందు నిలబడి చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

వాళ్లలో అందరికంటే పెద్దామె, అందరూ పెద్దమ్మ అనే మనిషి, చివరికి నోరు తెరిచింది. “బాగా గీశావమ్మా, తప్పు పట్టడానికేం లేదు. కార్డుమీద బొమ్మలాగుంది. పంటైపోగానే తిరిగిచ్చేయమంటారేమో.”

ఈసారి అందరూ మనస్ఫూర్తిగా నవ్వారు. బోర్డులక్కకి మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. ఏ ఫొటోల మీద ఇన్నాళ్లూ కోపం పెట్టుకుందో, మూడ్రోజులు కష్టపడి ఆ ఫొటోలనే ఆరడుగుల ఎత్తున గీసిపెట్టింది.

ఆమె మొహం చూసి పెద్దమ్మ దగ్గరికి వచ్చింది. వచ్చి, తన భుజమ్మీది గుడ్డ తీసి తలకి చుట్టుకుంటూ చూపించింది. పొలంలో ఎవరెవరో మొహం చూసి పోల్చుకోరట, ముడి చూసి పోల్చుకుంటారట. పెద్దమ్మది మెడ వెనక రెట్టింపు ముడి, కొసలు రెండూ లోపలికి. పుల్లన్నది నడినెత్తిన, కొస కోడి తురాయిలా పైకి. కూలీల్లో అక్కాచెల్లెళ్లిద్దరున్నారు, ఒకే బట్ట చింపి కట్టుకుంటారు గాని అక్కది కుడికి, చెల్లెలిది ఎడమకి. పది సాళ్ల అవతల వంగి ఉన్నా ముడిని బట్టి మనిషి తెలిసిపోతుంది. ఈ మాటలయ్యేసరికి తలా ఒక గుడ్డ తీసి, తలా ఒక ముడి వేసి, నాది చూడు నాది చూడు అని గోడ ముందు గోల చేశారు. అప్పుడొచ్చింది వాళ్లకి ఉత్సాహం.

ఆ గోలలోనే బోర్డులక్క, ఇన్నాళ్లూ ఈ ఊళ్లో ఎవరికీ చెప్పని మాట చెప్పేసింది. మా అమ్మ కూడా టమాటాలే కోసేది పెద్దమ్మా అంది. ఆ ఎనిమిదో చోటు ఆమెకేననీ, మొహం గుర్తుకు రావడంలేదనీ చెప్పింది.

పెద్దమ్మ జాలిపడలేదు. ఆమె అడిగింది ఒకటే, గుడ్డ ఎలా కట్టేదని.

“వంకరగా కట్టేది. ఎడమ చెవి బయటికి వదిలేసేది. ఎండకి చెవి కమిలి తోలూడిపోయేది. సరిగ్గా కట్టుకోవే అని రోజూ పోరేదాన్ని. మిగతా పిల్లలు మీ అమ్మ వంకర గుడ్డ అని వెక్కిరించేవాళ్లు. అమ్మేమో నాకింతకంటే కట్టడం రాదే అనేది.”

పెద్దమ్మ వేళ్లు ముడి దగ్గర ఆగిపోయాయి. “రాకపోవడమేంటమ్మా. చెవుల మీద గుడ్డ బిగిస్తే ఏమన్నా వినపడుద్దా? పిల్లని గట్టుమీద పెట్టుకున్న ఏ తల్లైనా ఒక చెవి వదిలే కడుతుంది. నేనూ కట్టాను, నలుగురు పిల్లలకి.” ముడి బిగించి, “అది నీ చెవి” అంది.

వంకరగా కట్టుకునే తల్లి అంటే చిన్నప్పుడు బోర్డులక్కకి కాస్త చిన్నతనంగా ఉండేది. పోయాక కూడా ఆ చిన్నతనం ఎక్కడో ఒక మూల మిగిలే ఉంది. ఆమె రంగు డబ్బా మూత వెతుకుతున్నట్టు వంగి, వంగిన మనిషి చాలాసేపు లేవలేదు. పెద్దమ్మ కూలీలందర్నీ ఇక పదండి పదండి అని తోలుకుపోయింది. వాళ్లందరి వెనకా బుడంకాయని చంకనేసుకుని చివరిసాలు వెళ్లింది. ఆమె తలగుడ్డ జారిపోయి ఉందని మొన్న బోర్డులక్క అనుకుంది. జారలేదు. ఎడమ చెవి వదిలి, వెనక గట్టిగా ముడివేసి ఉంది.

నాలుగోరోజు తెల్లవారుతూనే ఆమె ఏడు మొహాల మీదా రంగుతో గుడ్డలు కట్టడం మొదలుపెట్టింది. గీసిన మొహాలు చెరపలేదు, వాటి మీదే కట్టింది. తిండివేళకి కూలీలు ఎవరి మూట వాళ్లు పట్టుకుని గోడ దగ్గరికే వచ్చి కూర్చున్నారు. తింటూ తింటూ ముడులకి పేర్లుపెట్టారు, తప్పులు దిద్దారు. పుల్లన్న తన తురాయి ఇంకో జానెడు పెంచమన్నాడు. అక్కాచెల్లెళ్లు బట్ట రంగు దగ్గర తగువులాడుకున్నారు. వాళ్లు పనిలోకి దిగాక ఆమె పచ్చరంగులో నలుపు కలిపి, అందులో చిటికెడు పసుపు వేసి, వేలితో గోడ మీద రాసి చూసింది. సరిగ్గా అదే పసరు. ఏడుగురి చేతులకీ గోళ్ల సందుల్లోంచి మణికట్టు దాకా పూసింది. పూస్తుంటే వాటిని పచ్చికాయతో రుద్దాలనిపించింది.

ఎనిమిదో చోటుకి వచ్చేసరికి పొద్దు వాలింది. ఈసారి మొహం దగ్గర మొదలుపెట్టలేదు. గుడ్డతోనూ మొదలుపెట్టలేదు, చెవితో మొదలుపెట్టింది. ఆ చెవి ఆమెకి కళ్లు మూసుకున్నా వస్తుంది. చిన్నప్పుడు అమ్మ చేతులు కడిగాక తన రెండో పని, చెవికి నూనె రాయడం. పైఅంచున పొక్కులూడి గులాబీరంగు తేలేది. తమ్మె మీద చిన్న గాటు. రంధ్రంలో పుల్లముక్క. రాత్రి పక్కలో పడుకుని, రోజంతా చెప్పలేకపోయిన కబుర్లన్నీ ఆ చెవిలోనే చెప్పేది. తడబడకుండా, ఒక్క గీత చెరపకుండా చెవి పూర్తయింది. దాని చుట్టూ గుడ్డ వచ్చింది, వంకరగా. గుడ్డ పైన కళ్లు రెండూ, ఎండకి చిట్లించి, కొంచెం ఎడమకి తిరిగి, ఏదో వింటున్న మనిషి కళ్లు. ఆ గుడ్డ వెనక ముక్కెలా ఉందో, నోరెలా ఉందో ఆమెకి ఇప్పటికీ తెలియదు. తెలియకపోయినా అది అమ్మే. తన మొహం అక్కడెక్కడా లేదు.

మేనేజరు వచ్చి చూసి నెత్తి పట్టుకున్నాడు. నవ్వే మొహాలడిగితే దొంగల ముఠాని నిలబెట్టావేంటన్నాడు. ఎవరు ఎవరో ఎలా తెలుస్తుందన్నాడు. ఆమె బ్రష్షులు కడుక్కుంటూ కూర్చుంది. తెల్లారితే ప్రారంభం, పరంజా విప్పేవాళ్లు వచ్చి నిలబడ్డారు. అతను గోడ ముందు అటూ ఇటూ నాలుగుసార్లు తిరిగాడు. తిరిగి తిరిగి, అతనికే ఒక దారి తోచింది. పోనీలే, మొహాలు కనపడకపోవడమూ మంచిదే, వచ్చే ఏడు వేరే కూలీలొచ్చినా ఇవే బొమ్మలు పనికొస్తాయి అన్నాడు. ఆ తెలివికి తనే సంతోషించాడు కూడా. వెళ్లబోతూ ఎనిమిదో బొమ్మ దగ్గర ఆగాడు.

“ఇదేంటి, ఈమె గుడ్డ జారింది. చెవి బయటికొచ్చేసింది. అదొక్కటి సరిచెయ్యి.”

బోర్డులక్క బ్రష్షు విదిలించి డబ్బాలో పెట్టింది. “నాకింతకంటే కట్టడం రాదండీ” అంది.

అతను నవ్వేసి వెళ్లిపోయాడు. బోర్డులు రాసుకునే మనిషికి ఇంతకంటే ఏం వస్తుందిలే అనుకుని ఉంటాడు.

ప్రారంభం ప్రారంభంలాగే జరిగింది. వచ్చిన పెద్దలు రంగులు బాగున్నాయన్నారు. కూలీల్ని గుడ్డలు విప్పించి, మొహాలు కడిగించి వరసలో నిలబెట్టారు. చివరిసాలుని ఆ వరసలో నిలబెట్టలేదు. పేర్చిన ట్రేల వెనక ఆమె పిల్ల నోటి మీద వేలు పెట్టుకుని రెండు గంటలు కూర్చుంది. ఒక్కసారి కూడా కేకెయ్యలేదు. గోడ మీది ఎనిమిదో బొమ్మ ముందు నిలబడి చాలామంది ఫొటోలు దిగారు, ఆ చెవి ఏం చెబుతోందో వాళ్లలో ఒక్కరికీ తెలియలేదు.

మర్నాడు పొద్దున లారీ వచ్చింది. మూటలు, గిన్నెలు, చుట్టిన చాపలు ఎక్కాయి. మేస్త్రీ రేకు డబ్బా ఒకటి పట్టుకుని నిలబడితే, ఒక్కొక్కరూ మెడలో కార్డు తీసి అందులో వేసి లారీ ఎక్కారు. ఎక్కేముందు గోడ మీదున్న ఏడుగురూ తమ బొమ్మ దగ్గరికి వెళ్లి ఓసారి తట్టి వచ్చారు. పుల్లన్న తన తురాయిని తట్టాడు. బోర్డులక్క గోడ పక్కన ఒక ట్రే బోర్లించుకుని కూర్చుని, వాళ్లందర్నీ చూస్తూ ఉంది. తనని ఇలా ఎక్కించుకుపోయిన లారీలు ఎన్నో లెక్కలేదు. వెనక్కి తిరిగి చూస్తే గుర్తుపట్టడానికి ఒక గోడైనా ఎక్కడా ఉండేది కాదు.

అందరికంటే చివర బుడంకాయని ఎత్తుకుని చివరిసాలు వచ్చింది. అలవాటుగా లారీ వైపే వెళ్తున్నదల్లా, ఎనిమిదో బొమ్మ ముందు ఆగిపోయింది. చూసింది. చెయ్యి తనకి తెలియకుండానే తన ఎడమ చెవి మీదికి వెళ్లింది.

“అక్కా, నన్నెప్పుడు గీశావు? మేస్త్రీ వద్దన్నాడుగా.”

లారీ మీదనుంచి పెద్దమ్మ ఈ మాట విన్నది. విని, బోర్డులక్క వైపు చూసింది. బోర్డులక్క లేచి నిలబడింది. మా అమ్మ అని చెప్పడానికి రెండు మాటలు చాలు. ముప్పై ఏళ్లు వెతికితే దొరికిన తల్లి. నోరు తెరిచింది గాని, ఈలోగా తల్లి చంకలోంచి బుడంకాయ సాగి, గోడ మీది చెవికి నోరు ఆనించి గుసగుసగా ఏదో చెప్పేసింది. చెప్పి, జవాబు కోసం వాళ్లమ్మ మొహంలోకి చూసింది.

“ఊఁ” అంది చివరిసాలు, నవ్వుతూ. నవ్వుతూనే ఆమె కళ్లు నిండాయి. ఆమె కోతకొచ్చిన తోటలన్నిట్లోనూ ఆమె ఉన్నట్టు ఒక కాగితం గాని, ఒక గుర్తు గాని మిగిలిందో లేదో.

“మొన్న నువ్వు కోస్తుంటే చూసి గీశానమ్మా” అంది బోర్డులక్క. “బాగా కుదిరిందా?”

“వంకర గుడ్డ కూడా అలాగే పెట్టేశావు” అంది చివరిసాలు. మేస్త్రీ కేకేశాడు. ఆమె కార్డు తీసి డబ్బాలో వేసి, పిల్లని పైకందించి, తనూ ఎక్కింది. లారీ రోడ్డెక్కేదాకా ఆమె మొహం గోడవైపే ఉంది. పెద్దమ్మ మాత్రం గుడ్డ బిగించి కట్టుకుని, ముందుకి తిరిగి కూర్చుంది.

దుమ్ము సర్దుకుంది. షెడ్డు ముందు ఎవరూ లేరు. అబద్ధమాడానన్న బాధ కోసం బోర్డులక్క ఒకసారి మనసులో వెతుక్కుంది, దొరకలేదు. తను కూర్చున్న ట్రేని గోడ దగ్గరికి జరుపుకుని, దాని మీదకి ఎక్కి, రంగు వాసన ఇంకా పోని ఆ ఎడమ చెవి దగ్గర నోరు పెట్టింది.

“అమ్మా, ఉన్నా” అంది.